పేదవాని వెంట న్యాయస్థానము దాక

(సింహాచలమున పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం ప్రాంతముల పల్లెలనుండి మీరు ఇచటికి వచ్చినారు. ఈ కొండమీది స్వామి నిజరూపము ఏడాదికి ఒక్క దినము, అక్షయ తృతీయనాడు మాత్రమే కనబడును. తక్కిన దినములన్నియు చందనము మాటుననే. స్వామి విషయమున అది శోభ. చట్టము విషయమున అట్లు కారాదు. పేదవానికి అది ఏ పూట అవసరమైన ఆ పూట కనబడవలెను.

పల్లెలో వ్యాజ్యము ఎట్లు మొదలగునో మీకు తెలియనిది కాదు. కోర్టు బంట్రోతు ఒక సమను తెచ్చి, కూలి చేసికొనువాని చేత వేలిముద్ర వేయించుకొని పోవును. అతడు దానిని మడచి చూరులో దోపును. ఆ కాగితము అందిన 30 దినములలో జవాబు దాఖలు చేయవలెను. కారణము చూపినచో న్యాయస్థానము 90 దినములవరకు అనుమతింపవచ్చును. జవాబు లేనిచో తీర్పు ఏకపక్షమగును. దానిని రద్దు చేయించుకొనుటకు అర్జీ పెట్టవలెనన్నను మరల 30 దినములే గడువు. న్యాయము తనవైపు ఉండియు, దినములు లెక్కించువారు లేక ఇల్లు వాకిలి పోగొట్టుకొనుట ఎంత దుర్భరము! ఆ కాగితమును చదివించుకొనుటకు అతడు మొదట వచ్చునది వకీలు వద్దకు కాదు, మీ వద్దకే. కనుకనే ఈ మాటలు మీతో చెప్పుచున్నాను.

ఉచిత న్యాయ సహాయము ఎవరో దయతో ఇచ్చు దానము కాదు. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగమున 39ఎ అధికరణము చేరినది. 1979లో హుసేనారా ఖాతూన్ వ్యాజ్యమున, బీహారు జైళ్లలో విచారణ లేకయే ఏండ్ల తరబడి మ్రగ్గుచున్న పేదల సంగతి దేశమునకు తెలిసినది. వారిలో కొందరు తమ నేరమునకు పడదగిన గరిష్ఠ శిక్షకంటె ఎక్కువ కాలమే జైలులో గడపియుండిరి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు, కర్మాగార కార్మికులకు, నిర్బంధమున నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ సహాయము లభించును. విపత్తులకు గురియైనవారును అట్టివారే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానునకు ఇండ్లు కూలినవారు, 2020 మే 7న ఇచటికి చేరువలోని వెంకటాపురమున విషవాయువునకు చిక్కినవారు ఈ కోవలోనివారు. తక్కినవారికి ప్రభుత్వము నిర్ణయించిన ఆదాయ పరిమితి గలదు.

వకీలు రుసుము, కోర్టు రుసుము, నకళ్ల ఖర్చు, అన్నియు సంస్థయే భరించును. నియమింపబడిన వకీలు కక్షిదారుని ఒక్క రూపాయియు అడుగరాదు. అడిగినచో సంస్థ కార్యదర్శికి ఫిర్యాదు చేయవలెను. కోర్టు ఆవరణలో తిరుగు దళారులు ఈ సంగతి చెప్పరు గదా!

ఇక కలసి పనిచేయుట. పూలదండలు, ఉపన్యాసములు, ఛాయాచిత్రములతో ముగియు అవగాహన సదస్సులపై నాకంత నమ్మకము లేదు. వారమున కొకనాడు తెరచి యుండు ఒక గది వానికంటె మేలు. 2011 నాటి నిబంధనలు గ్రామములలో న్యాయ సేవా కేంద్రములు నెలకొల్పుటకు దారి చూపినవి. గది పంచాయతీది, వకీలు మండల న్యాయ సేవా కమిటీవారు, అర్జీలు వ్రాసిపెట్టుటకు పారా లీగల్ వాలంటీర్లు. సబ్బవరమున దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము, విశాఖపట్నమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు న్యాయ కళాశాల ఉన్నవి. చదువుకొను విద్యార్థులు కోర్టులో వాదింపజాలరు గాని, కాగితములు చదివి చెప్పగలరు. వారిని ఆహ్వానించుటకు మీ పంచాయతీ తీర్మానము, ఒక లేఖ చాలును.

ఇట్టి కలయిక ఏమి సాధింపగలదో మన మన్యమే చూపినది. అనంతగిరి మండలమున, బొర్రా ప్రాంతపు గిరిజన గ్రామములలో ప్రైవేటు కంపెనీలకు గనుల కౌలు ఇచ్చినప్పుడు, సమత అను స్వచ్ఛంద సంస్థ గిరిజనుల పక్షమున న్యాయస్థానమున కెక్కినది. హైకోర్టులో ఓడినను వెనుదీయలేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వ భూమినైనను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కౌలు కీయరాదని తీర్పు చెప్పినది. కొండమీది కుటుంబము ఒంటరిగా ఢిల్లీదాక పోగలిగియుండునా?

రచ్చబండ తగవులను గూర్చి ఒక మాట. గట్టు తగాదా, పాలుపంపకము పెద్దల సమక్షమున తీరినచో సంతోషమే. లోక్ అదాలత్‌లో రాజీ పడినచో దానికి డిక్రీ బలము వచ్చును. కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. కాని దానిపై అప్పీలు లేదు. కాబట్టి సంతకమునకు ముందు షరతులు రెండు పర్యాయములు చదివి వినిపింపుడు. ఆడపిల్లపై అత్యాచారము, కులము పేర దౌర్జన్యము వంటివి మాత్రము తగవులు కావు, నేరములు. వానిని డబ్బుతో మాపు అధికారము ఏ పెద్దకును లేదు. మరియు పంచాయతీయే ఎదిరి పక్షమైన వ్యవహారములలో మీరు తప్పుకొని, బాధితుని నేరుగా మండల కమిటీకి పంపుట మర్యాద.

ఈ కొండ చుట్టునున్న పంచగ్రామములలో దేవస్థానమునకును నివాసులకును నడుమ భూవివాదము దశాబ్దములు నడచినది. దాని మంచిచెడ్డలు నేను చెప్పదగినవి కావు. కాని భూమి తగవులో నోటిమాటకంటె కాగితమే ముందు నిలుచునని ఈ ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. అందుచేత పట్టా, అడంగలు, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు ఏదియు పారవేయవద్దని మీ వార్డువారికి చెప్పుడు. వచ్చిన సమనుపై అందిన తేదీ అప్పుడే వ్రాయింపుడు.

అర్జీకి 15100 నంబరునకు ఫోను చేసి దారి అడుగవచ్చును, రుసుము లేదు. వ్రాయరానివారు నోటితో చెప్పినను చాలును. చెప్పినది కాగితముపై వ్రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసికొందురు. మొదటిసారి వెళ్లునప్పుడు మాత్రము మీలో ఒకరు వెంట వెళ్లుడు.