కరిగించి చూస్తే తెలుస్తుంది

మీ చేతిలో కాస్త తెల్లటి పొడి ఉంది. బెంజోయిక్ ఆమ్లమని చెప్పి ఇచ్చారు. స్వచ్ఛమైనదేనా? కంటికి తెలియదు. కరిగించి చూస్తే తెలుస్తుంది.

ఒక చివర మూసిన సన్నటి గాజుగొట్టంలో కొద్దిగా పొడి వేసి, బల్లమీద తట్టి అడుక్కి దింపుతారు. థర్మామీటరు పక్కన ఉంచి వేడిచేస్తారు. కరిగే సమయం దగ్గరపడ్డాక మాత్రం నిమిషానికి ఒకటి రెండు డిగ్రీలే పెంచాలి. ఇక్కడ ఓపిక చాలా ముఖ్యం. తొందరపడితే కొలత తప్పుతుంది.

ఇక గొట్టంలోకి చూడండి. పొడి కొంచెం ముడుచుకుంటుంది, చెమ్మగిల్లుతుంది, ఆపైన తేటగా కరిగిపోతుంది. స్వచ్ఛమైన బెంజోయిక్ ఆమ్లం 122 డిగ్రీల దగ్గర, దాదాపు ఒక్క డిగ్రీ తేడాలోనే ఇదంతా ముగించేస్తుంది. మలినం ఉంటే ముందే కరగడం మొదలవుతుంది, సాగుతూ సాగుతూ కరుగుతుంది. ఎందుకంటే మలినం కరిగిన ద్రవంలో కలిసి, అది మళ్ళీ గట్టిపడకుండా అడ్డుపడుతుంది. గుర్తుంచుకోండి: ముందే కరిగినా, సాగుతూ కరిగినా అనుమానించాలి.

మరి యూరియా, సిన్నమిక్ ఆమ్లం? రెండూ తెల్లనివే, రెండూ 133 డిగ్రీల దగ్గరే కరుగుతాయి. ఏది ఏదో ఎలా తేల్చడం? నాకు ఎంతో ఇష్టమైన పరీక్ష ఇదే. తెలియని పొడిలో అసలైన యూరియా కలిపి మళ్ళీ కరిగించండి. కొలత మారలేదా, అది యూరియానే. బాగా ముందే కరిగిందా, అది యూరియా కాదు.

విద్యార్థులకు ఒక్క మాట. తడి కూడా మలినమే. పొడిని పూర్తిగా ఆరబెట్టాకే గొట్టంలో వేయండి.