మచ్చలకు, ముడతలకు లేజరు చికిత్స – ఒక కంపారిటివ్ స్టేట్‌మెంట్

(సంఘం ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య సదస్సు అంటే బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు, కంటి శుక్లాలు, ఇవే మన అజెండా. ఈసారి చర్మం గురించి, అందులోనూ లేజరు గురించి మాట్లాడతానంటే కొందరు మిత్రులు నవ్వారు. "ఈ వయసులో అందం మీదికి మనసు పోయిందేమిటండీ" అన్నారు. నా ముఖం సంగతి ఎప్పుడో క్లోజయిన ఫైలు. కాని మన ఇళ్ళలో ఎదిగిన మనవలు, మనవరాళ్ళు ఉన్నారు. మొటిమల మచ్చలున్న పిల్ల ఫొటో తీయబోతే ముఖం తిప్పుకుంటుంది. పేపరు తెరిస్తే "ఒక్క సిట్టింగులో మచ్చలు మాయం" అని ప్రకటన. చాలా ఇళ్ళలో ఆ ఖర్చుకు చెయ్యి చాచేది మన పెన్షను వైపే. అంచేత ఈ విషయం మనకు తెలిసి ఉండాలి.

నేను డాక్టరును కాను. ముప్పయ్యారేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నాలుగు కొటేషన్లు తెప్పించి, పక్కపక్కన పెట్టి, కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారుచేసి పై అధికారికి పుటప్ చేయడం నాకు వచ్చిన విద్య. ఇవాళ కూడా అదే చేస్తాను. ఆర్డరు వేయవలసింది మాత్రం చర్మవైద్యులే.

మొదట ఒక మాట. మన తెలుగులో "మచ్చ" అనే ఒక్క పేరు కింద అరడజను రకాల కాగితాలు ఒకే ఫైల్లో పడి ఉన్నాయి. గాయం మానిన చోట మిగిలేది మచ్చే. మొటిమ పోయాక పడే గుంటా మచ్చే. ఆడవాళ్ళకు బుగ్గల మీద వచ్చే మంగూ మచ్చే. పుట్టుమచ్చ ఉంది, బొల్లి మచ్చ ఉంది. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంది, అది కుష్ఠు కావచ్చు. దానికి ప్రభుత్వాసుపత్రుల్లో మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ఈ రోజు నేను చెప్పే లేజరు, చర్మం పైపొరను చెక్కి కొత్త పొర తెప్పించే రకం. అది ముఖ్యంగా గుంటలకు, గాయపు మచ్చలకు, ముడతలకు. మంగుకు ఈ లేజరు పెడితే వేడికి అది మరింత ముదరవచ్చు. కాబట్టి "ఏ లేజరు మంచిది?" అనడానికి ముందు "ఇది ఏ మచ్చ?" అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకుంటే నా ప్రసంగం సార్థకమైనట్టే.

ఇక లేజరు సంగతి. మొదటి లేజరును 1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ వెలిగించాడు. చర్మానికి ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో బెల్ ప్రయోగశాలలో కనిపెట్టినవాడు మనవాడే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణెలో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళిన సి. కుమార్ పటేల్. ఈ లేజరు కాంతిని నీరు పీల్చుకుంటుంది. చర్మకణాల్లో ఉన్నది ఎక్కువగా నీరే కనుక, కాంతి తగిలిన పైపొర క్షణంలో ఆవిరైపోతుంది. కింది పొరకు వేడి తగిలి కొల్లాజెన్ అనే పోగులు కొత్తగా అల్లుకుంటాయి. పెచ్చులూడిన గోడను గీకి, మళ్ళీ పూత పూసినట్టన్నమాట.

1990 దశకంలో ముఖమంతా ఒకేసారి గీకేవారు. ముడతలు బాగా పోయేవి. కాని పుండు మానడానికి వారం నుంచి రెండు వారాలు, ఎరుపు తగ్గడానికి నెలలు పట్టేది. తెల్లవాళ్ళకే ఇది కష్టం. ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికా వైద్యుడు 1975లో ఎండకు చర్మం స్పందించే తీరును బట్టి మొదలుపెట్టిన వర్గీకరణలో ఇప్పుడు ఆరు తరగతులున్నాయి. మన తెలుగువాళ్ళలో ఎక్కువమంది నాలుగు, అయిదు తరగతుల్లో వస్తాం. మన చర్మానికి ఏ దెబ్బ తగిలినా నల్లబారడం దాని స్వభావం. దోమ కుట్టిన చోటే నల్లగా మిగులుతుంది కదా! ముఖమంతా గీకితే ఏమవుతుందో ఊహించుకోండి.

2004లో ఒక కొత్త పద్ధతి వచ్చింది, ఫ్రాక్షనల్ అంటారు. మన ఆఫీసుల్లో తపాలా బిళ్ళల షీటు చూసే ఉంటారు. అంచుల వెంట వరుసగా సన్నని చిల్లులుంటాయి, మధ్య కాగితం అలాగే ఉంటుంది. ఇక్కడా అంతే. లేజరు సన్నని చుక్కలుగా దిగుతుంది, చుక్కకూ చుక్కకూ మధ్య చర్మం చెక్కుచెదరదు. ఆ మంచి చర్మం పక్కనున్న చిల్లును త్వరగా మాన్పుతుంది. మనబోటి రంగువాళ్ళకు గుంటల కోసం ఈ లేజర్లు అందుబాటులోకి వచ్చింది ముఖ్యంగా ఈ పద్ధతి వల్లనే.

ఇప్పుడు కొటేషన్లు తెరుద్దాం.

మొదటిది, ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజరు. నాలుగింటిలో ఘాటైనది ఇదే. లోతైన గుంటలకు, ముదురు ముడతలకు, బిగుసుకున్న కాలిన మచ్చలకు పనికొస్తుంది. ముఖం మీద సన్నని చెక్కు కట్టి ఊడిపోవడానికి సుమారు వారం పడుతుంది. నల్లబారే ప్రమాదం కూడా ఇందులోనే ఎక్కువ.

రెండవది, ఎర్బియం యాగ్. దీని కాంతిని నీరు మొదటిదానికంటే పది రెట్లకు పైగా పీల్చుకుంటుంది. అందువల్ల పైపైన శుభ్రంగా చెక్కుతుంది, కిందికి వేడి తక్కువ దిగుతుంది. త్వరగా మానుతుంది, నల్లబారడం కొంత తక్కువ. వేడి తక్కువ కాబట్టి చర్మం బిగుతు కావడమూ తక్కువే. సన్నని రక్తపు చుక్కలు కనిపించవచ్చు.

మూడవది, ఎర్బియం గ్లాస్. ఇది పైపొరను చెక్కదు, లోపల మాత్రమే వేడిచేస్తుంది. రెండు మూడు రోజులు ఎరుపు, వాపు ఉంటాయి. తరువాత పనికి వెళ్ళిపోవచ్చు. మన రంగుకు అనుకూలం. కాని ఫలితం నెమ్మది. నెలకొకటి చొప్పున మూడు నుంచి అయిదు సిట్టింగులు మామూలు.

నాలుగవది, లేజరు కాని పద్ధతులు. సన్నని సూదుల రోలరు లేక పెన్నుతో గుచ్చే మైక్రోనీడ్లింగ్, చర్మం కింద లాగిపట్టిన పోగులను సూదితో తెంపే సబ్‌సిషన్, సన్నని లోతు గుంటలో ఆసిడ్ చుక్క పెట్టడం. వీటిని చవకబారు సరుకు అనుకోకండి. కొన్ని గుంటలకు లేజరు కంటే ఇవే మేలు.

ఎల్.1 ఎవరు అని మీరు అడుగుతారు. ఈ టెండరులో ఎల్.1 లేడు. సరుకు ఒకటి కానప్పుడు రేట్లు పోల్చకూడదని మనకు ఆడిట్ వాళ్ళు నేర్పిన పాఠమే ఇక్కడా వర్తిస్తుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. మా మనవరాలికి పెళ్ళి కుదిరింది, అయిదు వారాల వ్యవధి. రెండు బుగ్గల మీదా మొటిమల గుంటలు, పైగా కొత్త మొటిమలు ఇంకా వస్తూనే ఉన్నాయి. పేరు చెప్పను, ఒక క్లినిక్కుకు వెళ్ళాం. డాక్టరు కనిపించలేదు. కౌన్సెలరు అనే అమ్మాయి ఆరు సిట్టింగుల ప్యాకేజీ కాగితం ముందు పెట్టి, "ఈరోజే అడ్వాన్సు కడితే తగ్గింపు" అంది. ఏ మెషీను, ఎవరు చేస్తారు, నల్లబడితే ఏం చేస్తారు అని మూడు ప్రశ్నలు కాగితం మీద రాసి, జవాబు కూడా రాసి ఇమ్మన్నాను. రాసివ్వలేదు. లేచి వచ్చేశాం.

తరువాత ప్రభుత్వాసుపత్రి చర్మవిభాగం ఓపీలో పెద్ద డాక్టరుగారికి చూపించాం. ఆయన కిటికీ దగ్గర కూర్చోబెట్టి, బుగ్గను రెండు వేళ్ళతో సాగదీసి చూశారు. సాగదీస్తే కొన్ని గుంటలు కనబడకుండా పోయాయి, కొన్ని అలాగే ఉన్నాయి. "పోయినవాటికి ఒక చికిత్స, పోనివాటికి వేరే. ముందు మొటిమలు ఆగాలి. పెళ్ళి దగ్గర పెట్టుకుని లేజరు వద్దమ్మా, పీటల మీద నల్లమచ్చలతో కూర్చుంటావు" అన్నారు. పిల్ల ఏడ్చింది. కాని విన్నది. పెళ్ళి ఆ గుంటలతోనే జరిగింది, అల్లుడు వాటిని లెక్కచేసిన దాఖలాలు లేవు.

తరువాతి సంవత్సరం, మొటిమలు పూర్తిగా తగ్గాక, సబ్‌సిషన్‌తో పాటు నాలుగు సిట్టింగులు ఫ్రాక్షనల్ లేజరు చేశారు. రెండో సిట్టింగు తరువాత స్కూటరు మీద ఎండలో తిరిగింది, ఎడమ బుగ్గ నల్లబడింది. అది విరగడానికి మూడు నెలలు పట్టింది. డాక్టరుగారు మధ్యలో ఆపి, తరువాత పవరు తగ్గించి చేశారు. చివరికి గుంటలు సగానికి పైగా పూడాయి. పక్కవాటు వెలుతురులో చూస్తే ఇప్పటికీ తెలుస్తాయి. ఇంకో రెండు చేయించమంటావా అని అడిగితే, "ఇక చాల్లే తాతయ్యా" అంది. మాయం కావడం వేరు, తగ్గడం వేరు. తగ్గుతాయని చెప్పే డాక్టరును నమ్మండి.

కాలిన మచ్చల గురించి ఒక్క మాట. పొయ్యి దగ్గర చీర అంటుకునో, మరిగే నీళ్ళు పడో కాలినవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. మెడ తిరగదు, మోచెయ్యి చాపలేరు, రాత్రిళ్ళు దురద. ఇలాంటి బిగుసుకున్న మచ్చలను ఫ్రాక్షనల్ లేజరు కొంత మెత్తబరుస్తుంది, దురదనూ తగ్గిస్తుంది. బాగా అతుక్కుపోతే ముందు ఆపరేషన్ అవసరం కావచ్చు. దీన్ని సోకు అనకూడదు. చట్టం కూడా ఈ తేడా పాటిస్తుంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు వైద్యసేవలకు ఇచ్చిన మినహాయింపులోంచి అందం కోసం చేసే శస్త్రచికిత్సను తీసేశారు. గాయం వల్లనో పుట్టుకతోనో దెబ్బతిన్న శరీరాన్ని బాగుచేయడానికి చేసేదాన్ని మాత్రం మినహాయింపులోనే ఉంచారు. అందుచేత గాయపు మచ్చ అయితే డాక్టరు చీటీలో ఆ మాట స్పష్టంగా రాయించుకోండి. కేవలం అందానికైతే మెడికల్ రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఉబ్బెత్తుగా పెరిగే కీలాయిడ్ మచ్చలున్నవారు మరీ జాగ్రత్త. దాన్ని చెక్కితే ఇంకా పెద్దదై రావచ్చు. దానికి సాధారణంగా మచ్చలోకే ఇంజక్షను ఇస్తారు.

ఇక మన ముడతల సంగతి. ముడతలన్నీ వయసువి కావు, సగం ఎండవి. అమెరికాలో 28 ఏళ్ళు లారీ నడిపిన 69 ఏళ్ళ డ్రైవరు ఫొటో 2012లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో వచ్చింది. కిటికీ వైపు ఎడమ చెంప మడతలు పడి వేలాడుతుంది, కుడి చెంప మామూలుగా ఉంది. మనిషి ఒకడే, వయసు ఒకటే! కనుక గొడుగు, టోపీ, పొద్దున్నే ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని క్రీము, ఇవి ఏ లేజరు కన్నా ముందు కొనవలసినవి. ఇవి లేకుండా లేజరు చేయించుకోవడం కారే కప్పు కింద గోడకు సున్నం వేయించినట్టే.

మన వయసువారు లేజరుకు ముందు డాక్టరుకు చెప్పవలసినవి: షుగరు ఎంత ఉంది, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా, పెదవుల చుట్టూ నీటిపొక్కులు వచ్చే అలవాటుందా. మాత్రలు మనంతట మనం ఆపకూడదు. కొత్తగా పుట్టిన మచ్చగాని, పెరుగుతున్నదిగాని, రక్తం కారేదిగాని, మానని పుండుగాని ఉంటే లేజరుతో కాల్పించుకోవద్దు. ముందు పరీక్ష చేయించాలి. క్యాన్సరు అయితే కాల్చేస్తే సాక్ష్యం పోతుంది, జబ్బు మిగులుతుంది.

పిల్లలకు మందులషాపులో చీటీ లేకుండా దొరికే తెల్లబరిచే క్రీములు కొనివ్వకండి. వాటిల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు ఇంకా పెరుగుతాయి.

క్లినిక్కుకు వెళ్ళేటప్పుడు ఈ ప్రశ్నలు జేబులో పెట్టుకోండి. ఇది ఏ రకం మచ్చ? డాక్టరుగారికి చర్మవైద్యంలో ఎం.డి., డి.ఎన్.బి. లేక డిప్లొమా ఉందా? లేజరు పట్టేది ఎవరు? ముందు చెవి పక్కన చిన్న చోట వేసి చూస్తారా? కళ్ళకు రక్షణ పెడతారా? నల్లబడితే ఏం చేస్తారు, దానికి మళ్ళీ డబ్బా? ప్యాకేజీ మొత్తం ఒకేసారి కట్టవద్దు, సిట్టింగుకు సిట్టింగు కట్టండి. కొత్త కొల్లాజెన్ అల్లుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. కనుక పెళ్ళి చేయవలసి ఉంటే ఏడాది ముందే బయలుదేరండి.

చివరిగా ఒక మాట చెప్పి ముగిస్తాను. మన చిన్నప్పుడు మశూచి మచ్చల ముఖాలు ప్రతి ఇంట్లోనూ ఉండేవి. మా అక్కయ్య ముఖం నిండా ఉండేవి. మన దేశంలో చివరి కేసు 1975లో వచ్చింది. ఆ తరువాత పుట్టిన పిల్లలకు గుంటలున్న ముఖం ఒంటరి ముఖమైపోయింది. "మా అక్కయ్య బతకలేదా" అని మనం వాళ్ళను మందలించడం తేలిక. కాని అక్కయ్యకు తోడు ఊరు సగం ఉంది, ఈ పిల్లకు ఎవరూ లేరు. అలాగని, పిల్ల అడగకుండానే "ఈ మచ్చలతో నిన్నెవరు చేసుకుంటారు" అని లేజరుకు తోలుకుపోవడమూ తప్పే. ముఖం ఎవరిదో నిర్ణయం వారిది. తెలిసిన డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళడం, కాగితం చదివి పెట్టడం, తొందరపడవద్దని చెప్పడం, ఇంతవరకు మన డ్యూటీ.