వేసవిలో ఇన్సులిన్: నా అనుభవం నేర్పిన పాఠం
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నేను డాక్టర్ని కాను. ముప్ఫై నాలుగేళ్ళు ట్రెజరీలో బిల్లులు చూసినవాణ్ణి, ఎన్నో ఏళ్ళుగా ఇన్సులిన్ వేసుకుంటున్నవాణ్ణి. ఎండలు ముదురుతున్నాయి గనుక, నేను చేసిన ఒక పొరపాటు మీ ముందు పెడదామని కార్యదర్శిగారిని అడిగి పది నిమిషాలు తీసుకున్నాను.

2024 మే నెలలో మా చెల్లెలి మనవడి పెళ్ళికి ఖమ్మం నుంచి కొత్తగూడెం వెళ్ళాం. అక్కడి ఎండ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఏమో, రాత్రికి అక్కడే ఉండిపోవలసి వస్తుందేమోనని ఫ్రిజ్‌లోంచి కొత్త సీసా తీసి చేతిసంచిలో వేసుకున్నాను. సంచి కారులోనే ఉండిపోయింది. కారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫంక్షన్ హాలు బయట ఎండలోనే ఉంది. రాత్రి ఇంటికి రాగానే సీసాను మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టాను. చల్లబడుతుంది గదా, ఇక ఫరవాలేదనుకున్నాను.

మరునాటి నుంచి ఆ సీసానే వాడాను. పరగడుపున 130, 140 ఉండే షుగరు నాలుగో రోజుకి 210 అయింది, వారానికి 280 అయింది. ఇంట్లో మొదటి అనుమానం బంగినపల్లి పళ్ళ మీదికి పోయింది. మా ఆవిడ బుట్టతో సహా పక్కింటివారికి ఇచ్చేసింది. అయినా తగ్గలేదు. నేనేమో డాక్టరుగారిని అడగకుండా రెండేసి యూనిట్లు పెంచుకుంటూ పోయాను. ఉదయం 20 కాస్తా 28 అయింది, రాత్రి 12 కాస్తా 18 అయింది. తేదీలవారీగా అన్నీ పుస్తకంలో రాశాను. లెక్క రాయడంలో తప్పులేదు. తప్పు సీసాలో ఉంది.

ఆ సీసా అయిపోయాక ఫ్రిజ్‌లో ఉన్న ఇంకొకటి తెరిచి, ఆ రాత్రి అలవాటుగా 18 యూనిట్లూ వేసుకుని పడుకున్నాను. రెండు గంటలప్పుడు ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు. మా ఆవిడ లైటు వేసి పిలిస్తే పొంతన లేకుండా మాట్లాడానట. ఇంకా మింగగలుగుతున్నాను గనుక చక్కెర నీళ్ళు తాగించి, పక్కింటి అబ్బాయిని లేపి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. చక్కెర నీళ్ళు తాగిన తరువాత కూడా షుగరు 58 ఉంది.

డాక్టరుగారు పుస్తకం చూసి, “ఇంతకుముందు సీసా ఎక్కడ పెట్టారు?” అని అడిగారు. కారు సంగతి చెప్పాను. వేడికి సత్తువ తగ్గిన మందుకు తగ్గట్టు నేను డోసు పెంచుకున్నాను, మంచి మందు వచ్చేసరికి ఆ డోసే ఎక్కువైపోయింది. అదీ జరిగిన సంగతి.

ఇన్సులిన్ ఒక మాంసకృత్తు. కోడిగుడ్డు తెల్లసొన ఒకసారి ఉడికి గట్టిపడితే, ఫ్రిజ్‌లో పెట్టినా మళ్ళీ పచ్చిసొన కాదు. ఇదీ అంతే. నీళ్ళలా తేటగా ఉండవలసిన రకం మబ్బుగా మారినా, పాలలా ఉండే రకంలో ఉండలు కట్టినా, గాజుకు పొరలా అంటుకున్నా పారెయ్యాలి. అయితే చెడిపోయిన ప్రతి సీసా అలా కనబడదు. నా సీసా చూపుకు బాగానే ఉంది.

అలాగని అనవసరంగా బెంబేలు పడకూడదు. కెన్యాలోని దగహాలే శరణార్థి శిబిరంలో గుడిసెల వేడి ఎంతో కొలిచి, 25 నుంచి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలు ఉంచి పరీక్షిస్తే ఇన్సులిన్ శక్తి దాదాపు తగ్గలేదని 2021లో ప్రచురించారు. మన పగటి ఎండ 45కి చేరుతుంది. మూసిన కారులో 50 దాటిపోతుంది. అక్కడే ప్రమాదం.

ఇప్పుడు మా ఇంట్లో పాటిస్తున్న పద్ధతులు చెబుతాను.

తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్‌లో ఉండాలి. ఐసు గడ్డకట్టే అరలోగాని, దాని కింది ట్రేలోగాని, వెనక గోడకు ఆనించిగాని పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. కరెంటు పోతే మాటిమాటికీ తలుపు తీయకండి. మూసి ఉంచితే నాలుగు గంటలదాకా చల్లదనం నిలుస్తుంది.

తెరిచిన సీసా చాలా రకాల్లో నాలుగు వారాలు వాడుకోవచ్చు. మీ రకానికి ఎన్ని రోజులో పెట్టెలోని కాగితం చూడండి. తెరిచిన తేదీ సీసా మీద రాయండి.

ఫ్రిజ్ లేని ఇంట్లో మన కుండే దిక్కు. పెద్ద కుండలో ఇసుక పోసి తడిపి, అందులో చిన్న కుండ దించి, సీసాను మూతగల డబ్బాలో పెట్టి ఆ కుండలో ఉంచాలి. పైన తడిగుడ్డ కప్పి, నీడలో గాలి ఆడేచోట పెట్టాలి. ఖమ్మం, రెంటచింతల వంటి పొడి ఎండలకు ఇది బాగా పనిచేస్తుంది. సముద్రతీరంలో ఉక్కపోతకు తడి త్వరగా ఆరదు, అంత చల్లబడదు.

ప్రయాణంలో ఫ్లాస్కును చల్లటి నీళ్ళతో కడిగి, సీసాను గుడ్డలో చుట్టి పెట్టుకోండి. ఐసుకు నేరుగా తగలనివ్వకండి. విమానంలో చేతిసంచిలోనే ఉంచండి, లగేజీలో వేయకండి. బజారుకు వెళ్ళినరోజు మిగతా పనులన్నీ అయ్యాక చివర మందుల షాపుకు వెళ్ళండి. స్కూటరు డిక్కీలో పెట్టి ఊరంతా తిరగకండి.

చివరిగా ఒక్క మాట. తిండిలో మార్పు లేకుండా, జ్వరం వంటిదేమీ లేకుండా షుగరు పెరుగుతుంటే, డోసు పెంచే ముందు సీసాను అనుమానించండి. డాక్టరుగారికి ఫోను చేసి సీసా మార్చండి. ఈలోపు డోసు పెంచి ఉంటే, కొత్త సీసాకు ఎన్ని యూనిట్లో తప్పక అడగండి. ఇంట్లోవారికి కూడా ఒక మనవి. చెమట, వణుకు, తికమక కనబడితే, మింగగలిగినవారికి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఆ రాత్రి మా ఆవిడకు మెలకువ రాకపోతే నేనివాళ ఈ వేదిక మీద ఉండేవాణ్ణి కాదు. తేదీలు రాసే పని ఇప్పుడు ఆవిడే చూస్తోంది. మామిడిపండు మాత్రం నిర్దోషి అని తేలింది గనుక, డాక్టరుగారి అనుమతితో ఈ ఏడు రెండు ముక్కలు మంజూరయ్యాయి.