యంత్రవిద్యయు మన కర్తవ్యమును
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యావిషయమున కొన్ని మాటలు చెప్పవలసినదని ఆహ్వానసంఘమువారు మమ్ము ఆదేశించిరి. ఈ సభ యెదుట ఒక ప్రతిపాదన యున్నది. మన విద్యానిధియందు కూడిన ధనముతో, పదవ తరగతి ఉత్తీర్ణులైన మన బాలబాలికలకందరకు తలకొక టాబ్లెట్టు కొని పంచవలయుననియు, డిజిటల్ విద్యకు అదియే రాజమార్గమనియు కొందరు మిత్రుల అభిప్రాయము. వారి ఔదార్యము కొనియాడదగినది. ఉద్దేశ్యము మాకును సమ్మతమే. మార్గమునందు మాత్రము భేదము కలదు. ఆ భేదమును సహేతుకముగా మనవి చేయుటకే ఈ ఉపన్యాసము.

యంత్రమను శబ్దము నియమనార్థకమగు ‘యమ్’ ధాతువునుండి పుట్టినది. దేనిచేత నియమింపబడునో అది యంత్రము. శాస్త్రమను శబ్దమును ఇట్లే ‘శాస్’ ధాతువునుండి యేర్పడినది. దేనిచేత శిక్షణము కలుగునో అది శాస్త్రము. యంత్రము శాస్త్రమునకు లోబడి నడచినచో మేలు. శాస్త్రమే యంత్రమునకు లోబడినచో కీడు. విద్యయందలి సాంకేతిక సాధనములను గూర్చి 2023లో యునెస్కో ప్రకటించిన ప్రపంచ నివేదికయు ఈ పనిముట్టు ఎవరి షరతులకు లోబడి నడచునను ప్రశ్ననే శీర్షికయందు నిలిపినది.

భావనాఋషి సంతతివారమని చెప్పుకొను మనకు యంత్రము కొత్తది కాదు. ఫ్రాన్సుదేశమున జాకార్డు 1804 ప్రాంతమున నిర్మించిన మగ్గమునందు, ఏ పడుగుదారము లేవవలయునో ఏది నిలువవలయునో రంధ్రములు గల అట్టముక్కలే నిర్ణయించును. ఆ అట్టల యుక్తిని గ్రహించియే ఆంగ్లేయుడగు చార్లెసు బాబేజి తన గణనయంత్రమును ఊహించెను. కావున నేటి కంప్యూటరు పూర్వీకులలో మగ్గమును ఒకటి యనుట అతిశయోక్తి కాదు. అయినను, అట్టలు కట్టినంతనే చీర నేయబడునా? నమూనా గీయు బుద్ధియు, తెగిన పోగును కనిపెట్టు కన్నును ఉండవలయును గదా!

మన కాలముననే శ్రీ చింతకింది మల్లేశముగారు ఆసుయంత్రమును నిర్మించి 2017లో పద్మశ్రీ పురస్కారమును అందిరి. పోచంపల్లి చీరకు ఆసు పోయుటలో తల్లి చేయి వేలకొలది మారులు అటునిటు తిరిగి భుజము నొచ్చుట చూచి, ఆ బాధను తీర్చుటకై వారు యంత్రమును కల్పించిరి. ముందు నొప్పి యెచ్చట నున్నదో తెలిసికొని, పిదప యంత్రమును చేసిరి. యంత్రమును ముందు కొని తెచ్చి, దానికి తగిన పనిని వెదకలేదు. విద్యయందును మనము అవలంబింపవలసిన క్రమము ఇదియే.

విద్యకు యంత్రసహాయమును కోరుట మన దేశమున నిన్న మొన్నటి మాట కాదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు పంపబడినవి. నాటి ఆంధ్రప్రదేశమును వానిలో నొకటి. 2017లో ‘దీక్ష’ యను వేదిక వెలసినది. 2020లో కరోనా మహమ్మారివలన బడులు మూతపడగా, తెలంగాణమున యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారాను, ఆంధ్రప్రదేశమున సప్తగిరి ద్వారాను పాఠములు చెప్పిరి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు టాబ్లెట్లు పంచినది. కేంద్రప్రభుత్వపు యూడైస్ లెక్కల ప్రకారము 2024–25లో దేశమందలి బడులలో నూటికి 64.7 బడులకు కంప్యూటరు వసతియు, 63.5 బడులకు ఇంటర్నెట్టును కలవు. కావున యత్నము కొరవడలేదు. ఫలమెట్లున్నదో చూడవలయును.

గ్రామీణ విద్యను గూర్చిన 2024 ‘అసర్’ నివేదికను చూడుడు. ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు నూటికి 48.8 మందియే. ఆ నివేదికయందే, 14 మొదలు 16 ఏండ్ల ప్రాయమువారిలో స్మార్టుఫోను ఉపయోగింప నేర్చినవారు నూటికి 82 మందికి పైబడి యున్నారు. అట్టివారిలో అంతకు ముందు వారమున దానిని చదువునకు వాడినవారు 57 మంది, సామాజిక మాధ్యమములకు వాడినవారు 76 మంది. అనగా పలక చేతికి వచ్చినది. అక్షరము నోటికి రాలేదు. మన పిల్లల నొప్పి యెచ్చట నున్నదో ఈ అంకెలు చెప్పుచున్నవి.

ఇక రెండు దృష్టాంతములు మనవి చేసెదము. దక్షిణ అమెరికాయందలి పెరూదేశమున పిల్లవానికొక లాప్‌టాపు చొప్పున లక్షలకొలది పంచిరి. 319 గ్రామీణ పాఠశాలలను పరీక్షించి 2012లో ప్రకటించిన పరిశోధనయందు, గణితమునగాని భాషయందుగాని పిల్లలకు అభివృద్ధి కానరాలేదు. ఇందుకు ప్రతిగా ఢిల్లీలో 2015లో 619 మంది పిల్లలతో వేరొక పరీక్ష జరిగినది. అందు ఎంపికైనవారు బడి విడిచిన పిదప ఒక కేంద్రమునకు పోయి, ముప్పాతిక గంట కంప్యూటరు యొద్దను, ముప్పాతిక గంట చిన్న గుంపులో బోధకుని యొద్దను కూర్చుండిరి. పిల్లవాడు ఏ తరగతియందున్నను, అతనికి నిజముగా వచ్చినంతవరకు తెలిసికొని అచ్చటినుండియే పాఠము మొదలుపెట్టిరి. నాలుగున్నర నెలలలోనే గణితమునను హిందీయందును వారు తోటివారిని మించిరి. మొదటి దాని యందు యంత్రమొక్కటియే యుండెను. రెండవ దాని యందు యంత్రమును, గురువును, నియతమగు కాలమును, తగిన పాఠమును కలిసి యుండెను.

2020 జాతీయ విద్యావిధానమును ఈ సంగతిని మరువలేదు. సాధనములు అందరకు సమముగా అందనిదే డిజిటల్ విద్య ఫలింపదనియు, తరగతిగదిలో సమర్థుడైన ఉపాధ్యాయుడు తెరపైనను సమర్థుడగునని భావింపరాదనియు, అందులకు ప్రత్యేక శిక్షణము కావలయుననియు అందు చెప్పబడియున్నది. కేరళమువారు 2001 మొదలు ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చుచు, స్వేచ్ఛా సాఫ్టువేరును బడులలో నెలకొల్పుచు వచ్చి, ఆ పునాదిపైననే 2018లో 45,000 తరగతిగదులను యంత్రసహితములుగా చేయ పూనుకొనిరి. వారు నడచిన వరుస గమనింపదగినది.

కావున ఈ మహాసభవారికి మా సూచనలివి.

మొదటిది: టాబ్లెట్లకు ఉద్దేశించిన ధనముతో సిరిసిల్ల, పోచంపల్లి, మంగళగిరి, ధర్మవరము వంటి నేతకేంద్రములలో సాయంకాల పఠనశాలలు నెలకొల్పవలయును. ఒక్కొక్కదానియందు పది కంప్యూటర్లును, గ్రంథాలయమును, జీతము గల బోధకుడును ఉండవలయును. ప్రవేశించిన ప్రతి శిశువునకు తొలిదినముననే తెలుగు చదువునందును లెక్కలయందును పరీక్ష చేయవలయును. బ్రతుకుతెరువునకై సోలాపురము, భివండి, సూరతు చేరిన మన కుటుంబముల పిల్లలు తెలుగు అక్షరమునకే దూరమగుచున్నారు. వారికి ఈ పఠనశాలల పాఠములనే ఇంటర్నెట్టు ద్వారా అందింపవలయును.

రెండవది: ఇంటనున్న ఒక్క ఫోను మొదట కుమారుని చేతికి పోవును, కండెలు చుట్టు కుమార్తెకు మిగులదు. కనుక పఠనశాలయందు బాలికలకు వేరుగా కాలమును, భద్రతను ఏర్పరుపవలయును.

మూడవది: సెలవులలో మన ఉపాధ్యాయ సోదరులకు శిక్షణ తరగతులు నడుపవలయును. గురువు భయపడు యంత్రము బీరువాయందే యుండును.

నాలుగవది: వాయిదాలపై అమ్మబడు పాఠములను తల్లిదండ్రులు కొనకమునుపు పఠనశాల బోధకుని సలహా గైకొనునట్లు ప్రచారము చేయవలయును. పిల్లల వివరములను సేకరించుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలయునని 2023 చట్టము చెప్పుచున్నది; ఈ హక్కును వారికి తెలుపవలయును.

అయిదవది: వచ్చు ఏటి సంచికయందు ఎన్ని యంత్రములు కొంటిమో గాక, ఎందరు పిల్లలు చదువ నేర్చిరో ప్రకటింపవలయును.

ధనవంతుని బిడ్డకున్న టాబ్లెట్టు బీదవాని బిడ్డకేల వలదని కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కళాశాలలో చదువుచు యథార్థముగా అవసరమైనవారికి, గ్రంథాలయపు పుస్తకమువలె పఠనశాలనుండి ఎరువిచ్చెదము గాక. అయితే ధనవంతుని బిడ్డకు టాబ్లెట్టుతోబాటు దానిని గమనించు తల్లియు, ట్యూషను చెప్పు మాస్టరును ఉన్నారు. మగ్గపు గుంతలో పొద్దంతయు కూర్చుండు తలిదండ్రుల బిడ్డకు ఆ లోపమును తీర్చుటయే నిజమైన సమానత్వము. వస్తువు ఇచ్చి విడిచినచో, రెండేండ్లకు బ్యాటరీ చెడును, వ్యత్యాసము నిలుచును.

పోషకులారా! వేదికపై పంచు వస్తువు ఛాయాచిత్రమున కనబడును. బోధకునికి నెలనెల ఇచ్చు జీతము కనబడదు. పడుగు కనబడక దాగి యున్నను బట్టను నిలుపునది అదియే. ఆ కనబడని దానమునకు మీరు పూనుకొందురని నమ్మి, ప్రతిపాదనను ఈ విధముగా సవరింప ప్రార్థించుచు విరమించుచున్నాము.

స్వస్తి.