కృష్ణ నీళ్లు, నల్లమల అడవి, మన ఓటు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవమంటే పాత ముచ్చట్ల పండుగ. వాటిని నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. అధ్యక్షుల వారు ఇచ్చిన పది నిమిషాల్లో నేను ఒక్క సంగతే మాట్లాడతాను. మనం తాగే నీళ్లకు, చూడబోయే అడవికి, వేసే ఓటుకు ఉన్న చుట్టరికం గురించి.

మన బెంచీల మీద కూర్చున్న ఎంతోమంది పళ్ల మీద గోధుమరంగు చారలు ఉండేవి. ఊళ్లలో నలభై ఏళ్లకే నడుము వంగినవాళ్లు కనపడేవారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. మన నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైడు నీళ్లలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. మరగబెట్టినా ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. చెరువులు ఎండి బోర్ల మీద బతుకు పడ్డకొద్దీ ఈ జబ్బు ముదిరింది. దీనికి మందు ఒకటే, పైనుంచి పారే నది నీళ్లు.

ఆ నీళ్ల కోసం మన జిల్లా ఎన్నికలనే ఆయుధం చేసుకుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. గెలవడానికి కాదు, మా గోడు వినండి అని చెప్పడానికి. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. పోలింగును వాయిదా వేయాల్సి వచ్చింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్టు 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. మన తాగునీటి బాధ దేశం ఎన్నికల చట్టాన్ని తాకింది. 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో ఆవిష్కరించింది కూడా అప్పటి మన జిల్లాలోనే. నల్లాల్లో నది నీళ్లు వచ్చిన ఇళ్లలో ఆ మార్పు కళ్ల ముందే ఉంది.

కానీ పొలాలకు నీళ్ల మాట ఇంకా మిగిలే ఉంది. శ్రీశైలం జలాశయం నుంచి పంపులు లేకుండా వాలు మీదనే కృష్ణ నీళ్లు తేవాలని ఎస్‌ఎల్‌బీసీ సొరంగం మొదలుపెట్టారు. పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. పైన ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో ఎక్కడా పైనుంచి దారి తవ్వడానికి వీలులేదు. రెండు కొసల నుంచే యంత్రాలతో తవ్వుకుంటూ రావాలి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు, దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వారాల తరబడి వెతికితే రెండు మృతదేహాలు బయటపడ్డాయి. వాళ్లు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు.

ఒకప్పుడు 'పాలమూరు లేబర్' అంటే దేశమంతా తెలుసు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని, ముసలివాళ్లను ఇంటికాడ వదిలి, ఎవరి ఊరి కాలువలో తవ్వడానికి మనవాళ్లు పోయేవారు. మన తరంలో సగం మంది ఇళ్లలో ఆ కథ ఉంది. ఇప్పుడు మన నీళ్ల కోసం తవ్వడానికి ఎవరి బిడ్డలో వచ్చి మన మట్టిలోనే ఉండిపోయారు. ఆ వారం మన ఊళ్లలో ఎన్నిచోట్ల వాళ్ల కోసం ఒక దీపం పెట్టాం? పరాయి ఊళ్లో కూలికి పోయినవాళ్ల బాధ తెలిసిన నేల మనది. ఆ తెలివిడిని పోగొట్టుకుంటే పండుగలు, పాటలు ఎన్ని మిగిలినా సంస్కృతి మిగిలినట్టు కాదు.

ఇక అడవి సంగతి. మా బ్యాచ్ వాళ్లం ఏటా చలికాలంలో డిండి మీదుగా మన్ననూరు, ఫర్హాబాద్ వైపు పోతుంటాం. పొద్దున్నే మంచు విడిపోతుంటే లోయ కనపడుతుంది. ఎవరి నోటా మాట రాదు. ఆ దారిలో దోమలపెంట, ఈగలపెంట అనే పేర్లు వింటాం. పెంట అంటే చెంచుల గూడెం. మనం ఫొటో దిగే చోటు వాళ్లకు ఇల్లు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు పోయేవాళ్లు తిరిగివచ్చేటప్పుడు ఆ లోయలో ప్లాస్టిక్ వదలకుండా రావాలి. ఒకరి ఇంటికి పోయి చెత్త పడేసి వస్తామా?

2019లో ఆ అడవిలో యురేనియం అన్వేషణ మాట వచ్చింది. సర్వేకు అనుకున్నది 83 చదరపు కిలోమీటర్లు. చెంచులు, రైతులు, విద్యార్థులు, కవులు, కళాకారులు అందరూ వద్దన్నారు. సెప్టెంబరు 16న శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఏ పార్టీ జెండా పట్టినవాడైనా ఆ రోజు ఒకే మాట మీద ఉన్నాడు. నాకు అన్నిటికన్నా ఎక్కువ ధైర్యమిచ్చిన సంగతి అది.

ఎందుకంటే ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపులు చూస్తే భయమేస్తుంది. ఒకే పలక మీద దిద్దుకున్నవాళ్లు జెండా రంగు చూసి పలకరింపులు మానేశారు. 2022 మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతం పోలింగ్ జరిగింది. అంత గట్టిగా ఓటేసే మనం, ఓటేసిన మర్నాటి నుంచి సొరంగం ఎంతవరకు వచ్చింది, కూలీల రక్షణ ఏమిటి, అడవికి ఏ హాని జరగకుండా చూస్తున్నారు అని ఎందుకు అడగం? నాయకుడి కోసం తిట్టుకోవడానికి ఉన్న ఓపిక నీళ్ల కోసం అడగడానికి ఉండాలి. వాదన వద్దని నేననడం లేదు. 480 మంది నిలబడ్డారే, అటువంటి వాదన కావాలి. నీళ్లూ కావాలి, అడవీ కావాలి అంటే రెండిటి మధ్య చిక్కుముడి ఉంది. దాన్ని విప్పడానికే రాజకీయం.

సంఘానికి నాదొక విన్నపం. ఏటా మనం చేసే సన్మానాల ఖర్చులో కొంత తగ్గించి, పదో తరగతి పిల్లలను ఒకరోజు తీసుకుపోదాం. పొద్దున డిండి ప్రాజెక్టు, తర్వాత మన్ననూరు అడవి, సాయంత్రం ఫ్లోరైడు చూసిన ఒక ఊరి రచ్చకట్ట. అక్కడి పెద్దమనుషులు తమ బతుకు తామే చెప్పాలి. సైన్సు సారూ, సోషల్ సారూ ఇద్దరూ వెంట ఉండాలి. ఆ పిల్లలకు మూడేళ్లలో ఓటు వస్తుంది. ఆ ఒక్కరోజు వాళ్లు చూసింది, విన్నది ఆ ఓటు దాకా గుర్తుంటుంది.

మొదటి ఏడాది బస్సు ఖర్చు మా బ్యాచ్‌ది. రెండో ఏడాది ఎవరిదో ఈ సభలోనే పేరు రాయించుకుంటే సంతోషం.