జీవకణములో నీటి బాట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



నీరు ప్రాణాధారమని మనమందరము ఎరుగుదుము. అది దాహము తీర్చుటయే కాదు, మన దేహమునందలి జీవకణములలో ఒక బాటయై కూడ పనిచేయుచున్నది. ఆ సంగతిని నేడు మీకు మనవి చేయుదును.

నీటి అణువున ఒక ఆమ్లజని పరమాణువు, రెండు ఉదజని పరమాణువులు కలవు. ఉదజని తన ఎలక్ట్రానును కోల్పోగా మిగులునది ప్రోటాను. మనము తిన్న అన్నమునుండి వచ్చు శక్తితో జీవకణము ప్రోటానులను ఒక సన్నని పొరకు ఆవలి ప్రక్కకు తోడిపోయును. అవి తిరిగి ఇవతలికి వచ్చునపుడు, ఆనకట్ట నీరు విద్యుద్యంత్రమును త్రిప్పినట్లు, ఒక మాంసకృత్తును త్రిప్పును. దానివలన ఏ.టి.పి. అను శక్తిద్రవ్యము తయారగును. ఈ శక్తికి ప్రోటానుల ప్రవాహమే మూలమని 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించి, 1978లో నోబెల్ బహుమానము నందెను.

అయితే ఆ పొర క్రొవ్వుతో నైనది. విద్యుదావేశముగల ప్రోటాను దానిని సులభముగా దాటజాలదు. పొరలో పొదిగియున్న మాంసకృత్తులే దానికి ద్వారములు. అట్టి ద్వారములు పెక్కింటిలో నీటి అణువులు వరుసగా నిలిచియుండును.

ఊరిలో ఇల్లంటుకొన్నపుడు జనులు చెరువునుండి బారులుతీరి కడవలందింతురు గదా! ప్రతివాడును తన చేతి కడవను ముందువానికిచ్చి, వెనుకవానినుండి వేరొకటి అందుకొనును. నీటి అణువులును అట్లే చేయును. ఈ కొసను ఒక ప్రోటాను చేరగా, ఆ కొసనుండి మరియొకటి వెలువడును. పిదప అణువులు మరల వెనుకకు తిరిగిననే గాని రెండవ ప్రోటానుకు దారి లేదు. ఈ చేతిమార్పు భావమును 1806లోనే థియొడోర్ గ్రోథూస్ అను యువకుడు, విద్యుత్తు నీటిని విడదీయు తీరును వివరించుచు ప్రకటించెను.

ఈ బాట శత్రువునకును ఉపకరించును. ఇన్‌ఫ్లుయెంజా వైరసు పొరలో ఎం2 అను ద్వారము కలదు. అందలి నీటి సాయమున ప్రోటానులు లోనికి ప్రవేశింపగా, వైరసు విడివడి తన జన్యుద్రవ్యమును మన కణములో వదలును. అమాంటడిన్ అను మందు ఆ దారికి అడ్డుపడెడిది. కాని ద్వారమున చిన్న మార్పు కలుగుటచే నేటి వైరసులలో పెక్కు దానికి లొంగుట లేదు.

మరి నీటినే కణములోనికి పంపు ద్వారములు కూడ కలవు. వానిని కనుగొన్నందుకు పీటర్ ఏగ్రి 2003లో నోబెల్ బహుమానము నందెను. అందు నీరు ధారాళముగా పోవును గాని ప్రోటాను పోజాలదు. నడుమనున్న ధనావేశము దానిని త్రోసివేయును. నీటి అణువులును అచట మొగము త్రిప్పుకొనును. ఈ కట్టడియే లేనిచో తోడి నిలువచేసిన ప్రోటానులు వృథాగా కారిపోయి, కణము శక్తిహీనమగును. దారి తెరచుట యెంత ముఖ్యమో, మూయుటయు నంత ముఖ్యము.

గ్రోథూస్ భావము గ్రంథస్థమై నిలిచినందుననే రెండు శతాబ్దముల పిదపను శాస్త్రజ్ఞులకు అక్కరకు వచ్చుచున్నది. మన యువకులు ఈ గ్రంథాలయమున కథలతోపాటు శాస్త్రగ్రంథములను కూడ చదువవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.