వెలుగు రావాలి, చూపు ఆగాలి

తమిళనాడులో తేని దగ్గరి చిన్నమనూరు నుంచి మాట్లాడుతున్నాను.

కార్తీకం వచ్చిందంటే మన తేని రోడ్డంతా మాల వేసుకున్న స్వాముల బండ్లే. ఆంధ్రా నుంచి, తెలంగాణ నుంచి వచ్చే వ్యాన్లు మన ఊరి మీదుగా కంబం చేరి, కంబంమెట్టు ఎక్కి శబరిమలకు పోతాయి. రద్దీ రోజుల్లో తిరుగు ప్రయాణం కుమిళి మీదుగా. ఆ బండ్లు టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు కిటికీల వంక ఒకసారి చూడండి. ఒకదానికి నిండా నల్లగుడ్డ బిగించి ఉంటుంది, పట్టపగలు లోపల లైటు వేసుకుని కూర్చుంటారు. ఇంకోదానికి అద్దాల సందుల్లో తువ్వాళ్ళు, లుంగీలు. మూడోదానికి పట్టులా మెరిసే పల్చటి తెర కట్టి ఉంటుంది. పగలు ముచ్చటగా ఉంటుంది కానీ, చీకటి పడి లోపల దీపం వెలిగిందంటే అందులో ఎవరు చొక్కా మారుస్తున్నారో వీధి వీధంతా చూడొచ్చు.

ఇప్పుడు గుడికి పోయే బండ్లే కాదు, పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ అమర్చుకుని పదిరోజులు తిరిగే క్యాంపర్ వ్యాన్లు కూడా మన దారిలో కనబడుతున్నాయి. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానం ప్రకటించింది. మరుసటి ఏడాది, కుమిళి దాటాక వచ్చే వాగమన్‌లో మొదటి కారవాన్ పార్కు తెరుచుకుంది. మన పిల్లలు కూడా పాత ట్రావెలర్ వ్యాన్ ఒకటి కొని, సీట్లు పీకించి, పడకలు వేయిస్తున్నారు. అంతా అయ్యాక చివరికి ఒక మాట అడుగుతారు: “ఏ తెర కొనమంటారు?”

నన్నడిగితే గుడ్డ సంగతి తర్వాత. ముందు బండిని వీధిలో ఆపి, దిగి, దాని చుట్టూ ఒకసారి నడిచి రండి. మనకి అడ్డుకోవలసింది చూపు. ఆ చూపు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియకుండా గుడ్డ కొంటే, చూపుతో బాటు వెలుగు కూడా ఆగిపోతుంది.

నేల మీద నిలబడ్డ మనిషి కన్ను దాదాపు ఐదడుగుల ఎత్తున ఉంటుంది. వ్యాన్ లోపలి నేలే రోడ్డు కంటే రెండు రెండున్నర అడుగులు ఎత్తు. పడక మీద పడుకున్నవాళ్ళకి బండి రేకే మరుగు, వాళ్ళు వీధిలోవాడికి కనబడరు. కూర్చున్నవాళ్ళు, నిలబడ్డవాళ్ళు కనబడతారు, అదీ కిటికీ కింది సగంలోంచే ఎక్కువ. పై సగంలోంచి తొంగి చూస్తే వాడికి కనిపించేది మీ బండి పైకప్పు. ఇక వెలుగు సంగతి. అది ఎక్కువగా ఆకాశం నుంచి వస్తుంది, అంటే కిటికీ పై సగంలోంచి. చూపు కింద, వెలుగు పైన. ఈ రెండూ వేరువేరు దారుల్లో వస్తున్నప్పుడు కిటికీ మొత్తానికి ఒకే తెర ఎందుకు?

అందుకని ప్రతి కిటికీకీ రెండు తెరలు కుట్టించండి. కింది సగానికి పల్చటిది, బండి ఆగి ఉన్నంతసేపూ ఉండేది. పై సగానికి విడిగా మందపుది, అదే రాత్రి తెర. దాన్ని పగలంతా పక్కకి తోసేయొచ్చు, రాత్రి కిందికీ దించుకునేలా పొడుగు పెట్టించుకోవాలి.

అయితే ఈ లెక్క సమనేల మీద నిలబడ్డ మనిషికే. ప్రభుత్వ బస్సు పక్కన వచ్చి ఆగితే అందులోవాళ్ళ కళ్ళు ఏడెనిమిది అడుగుల ఎత్తున ఉంటాయి, మీ పడక మొత్తం వాళ్ళ ముందు పరిచినట్టే. లారీ డ్రైవరు సంగతి చెప్పనే అక్కర్లేదు. మన ఊరి నుంచి మేఘమలై ఎక్కారనుకోండి, పద్దెనిమిది వంపులు తిరిగి తేయాకు తోటల్లోకి వెళ్ళాక, రోడ్డుకి ఒక పక్క వాలు పైకి పోతుంది. ఆకు కోసేవాళ్ళు మీ నెత్తిమీద నిలబడి ఉంటారు. వాళ్ళకి మిమ్మల్ని చూడాలని ఏమీ ఉండదు పాపం, కానీ తల దించితే మీరే కనబడతారు. అక్కడ పై సగం కూడా మూసుకుని, లోయ వైపు కిటికీలు బార్లా తెరుచుకోండి. కొండ మీద బండి ఆపినప్పుడు ఏ పక్క మూయాలి, ఏ పక్క తెరవాలి అన్నది గుడ్డ కంటే పెద్ద నిర్ణయం.

ఇక పగలూ రాత్రీ. మధ్యాహ్నం తిన్నె మీద కూర్చుని ఇంట్లోకి చూడండి, చీకటి గుహలా ఉంటుంది. దీపాలు పెట్టే వేళ అక్కడే కూర్చుని చూడండి, వంటింటి దాకా కనిపిస్తుంది. ఇంట్లో ఏమీ మారలేదు, వెలుగు పక్క మారింది. మిట్టమధ్యాహ్నపు ఎండ కొలిస్తే లక్ష లక్సు దాకా ఉంటుంది. ట్యూబులైటు కింద గదిలో రెండు మూడు వందలు మించదు. వెలుగు ఎక్కువున్న చోట నిలబడి తక్కువున్న చోటికి చూస్తే ఏమీ కనిపించదు. జైపూర్‌లో 1799లో కట్టిన హవామహల్ జాలీ కిటికీలు పని చేసేదీ ఈ కిటుకు మీదే. రాణివాసం స్త్రీలు వీధి ఊరేగింపు చూసేవారు, వీధికి వాళ్ళు కనబడేవారు కాదు. కాబట్టి పగలు పల్చటి గుడ్డ ఒక్కటి చాలు. రాత్రి లోపల చిన్న దీపం వెలిగించినా చాలు, ఆ గుడ్డ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. “ఇది పగలూ రాత్రీ రెండింటికీ పనికొస్తుందండీ” అని ఏ దుకాణదారైనా ఒకే పల్చటి గుడ్డ చూపిస్తే, నవ్వి పక్క కొట్టుకి వెళ్ళండి.

పల్చటి తెరలో మళ్ళీ రెండు రకాలు. తెల్లటిది ఎండ పడగానే తనే వెలుగుతుంది. బయటివాడికి తెల్లటి గోడలా కనబడి లోపలిది దాచేస్తుంది. లోపల మీకు మెత్తటి వెలుగు వస్తుంది, కాకపోతే బయటి దృశ్యం కనిపించదు. నల్లటి వల, దోమతెరలాంటిది, తిరగేసి పని చేస్తుంది. మీకు బయట కొండ కనిపిస్తుంది, వాళ్ళకి మీరు కనబడరు, కానీ వెలుగు తగ్గిపోతుంది. దృశ్యం కావాలా, వెలుగు కావాలా, ముందే తేల్చుకోండి. నా ఓటు వెలుగుకి. చిన్న పెట్టెలాంటి చోట రోజంతా ఉండాలంటే వెలుగే ప్రాణం. దృశ్యం కావలసినప్పుడు తలుపు తీసుకుని దిగొచ్చు కదా.

రంగు గుడ్డలతో జాగ్రత్త. ఎర్ర తెర వేస్తే అందరి మొహాలూ జ్వరం వచ్చినట్టుంటాయి. ఆకుపచ్చ తెర కింద పెట్టిన ఇడ్లీ నాకైతే తినబుద్ధి కాదు. తెలుపు, మీగడ రంగు, లేత గోధుమ రంగు, ఇవి దాటకండి. రంగుల సరదా ఉంటే రాత్రి తెరకు ఉంచుకోండి. మదురై సుంగుడి చీర పాతదొకటి ఇంట్లో ఉండనే ఉంటుంది, దానికి లోపల మందపాటి అస్తరు వేసి కుట్టిస్తే దానంత అందమైన రాత్రి తెర కొన్నా దొరకదు.

పగటి తెరకి నేను చెప్పేది మల్లు గుడ్డ. లేదా, నవ్వకండి, ఎనిమిది మూరల తెల్ల పంచె. దాదాపు నాలుగు గజాల పొడుగు, పల్చటి నేత, అంచు కూడా ఉంది. పొడుగునా మధ్యకి కత్తిరిస్తే రెండు పట్టీలు వస్తాయి, ఒక్కోటి రెండడుగుల పైన వెడల్పు. కిటికీ కింది సగానికి అది సరిపోయి, పైనా కిందా మడతకి కూడా మిగులుతుంది. అంచు కిందికి వచ్చేలా కుట్టిస్తే ఆ బరువుకి తెర నిలువుగా దిగుతుంది. కుట్టే ముందు మాత్రం ఒకసారి నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టండి. నూలు గుడ్డ మొదటి ఉతుకులో మీటరుకి నాలుగైదు సెంటీమీటర్లు ముడుచుకోవడం మామూలే. లేకపోతే మొదటి ప్రయాణం అయ్యేసరికి తెర మోకాలి పైకెక్కిన లాగులా ఉంటుంది.

రాజపాళయం వైపు వెళ్తే ఛత్రపట్టిలో ఆసుపత్రి కట్టుగుడ్డ నేస్తారు. అది చవక కదా అని తెరకి వాడదామనుకునేవాళ్ళున్నారు. ఒక పొరైతే నేత మరీ వదులు, మరుగు రాదు. రెండు పొరలు కలిపి కుట్టిస్తే పర్వాలేదు. ఎక్కువ సరుకు చూసుకుని కొనాలంటే కరూరు పోవాలి. బస్సు బాడీలు కట్టేదీ అక్కడే, దోమతెర వల తయారయ్యేదీ అక్కడే, విదేశాలకి ఇంటి గుడ్డలు ఎగుమతి చేసేదీ అక్కడే. బండి పనికి కరూరు వెళ్ళేవాళ్ళు ఆ పూటే తెరల పనీ చూసుకోవచ్చు.

కొట్టులో పరీక్ష ఇలా చేయండి. గుడ్డని కొట్టు గుమ్మానికి పట్టించి, మీతో వచ్చినవాళ్ళని లోపల రెండడుగుల దూరంలో నిలబెట్టి, మీరు ఎండలో నిలబడి చూడండి. మనిషి ఉన్నట్టు తెలిస్తే తెలియనివ్వండి, వేళ్ళు లెక్కపెట్టగలిగితే మాత్రం ఆ గుడ్డ వద్దు. గుడ్డని వేలికి చుట్టి చూడటం, చేత్తో బరువు తూచడం, ఇవన్నీ చీర కొనేటప్పటి విద్యలు, ఇక్కడ పనికిరావు. వెడల్పు కిటికీకి ఒకటిన్నర రెట్లు తీసుకోండి. రెండు రెట్లు తీసుకుంటే కుచ్చిళ్ళు అందంగానే ఉంటాయి గానీ, మడత మీద మడత పడి వెలుగు తగ్గుతుంది.

పగటి తెరకి ఒక లోపం ఉంది, ఇది చాలామంది గమనించరు. పొద్దున్నా సాయంత్రమూ ఎండ అడ్డంగా వస్తుంది. తూర్పు కిటికీలోంచి వచ్చిన ఎండకి, పడమటి కిటికీ తెరకి మధ్య మీరు నిలబడితే, మీ నీడ నిలువెత్తున ఆ తెర మీద పడుతుంది, బయటివాళ్ళకి తోలుబొమ్మలాట. మన లోయకి తూర్పున మేఘమలై గోడలా ఉంది కాబట్టి పొద్దున ఎండ కాస్త ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తుంది. బట్టలు మార్చుకునేటప్పుడు ఎండ వచ్చే వైపు రాత్రి తెర లాగండి. రెండో వైపు కాదు, ఎండ వచ్చే వైపు.

బండిలో అన్నిటికన్నా పెద్ద కిటికీ ముందు అద్దం. దానికి వెండిరంగు రేకు అట్ట పెట్టి మూసేస్తారు. వేసవి మధ్యాహ్నం అది మంచిదే, అందులోనూ అద్దానికి బయట కప్పితే వేడి లోపలికి రాకముందే ఆగుతుంది. మిగతా వేళల్లో అంత పెద్ద వెలుగు దారిని ఎందుకు వదులుకోవాలి? డ్రైవరు సీటు వెనక, పైకప్పు నుంచి నేల దాకా తెల్ల మల్లు తెర ఒకటి అడ్డంగా కట్టండి. ముందు అద్దంలోంచి వచ్చే వెలుగంతా దాని మీద పడి, తెర మొత్తం వెలుగుతుంది. అక్కడే ఇంకో తీగ మీద రాత్రి తెర ఉంచుకుంటే అద్దం జోలికే పోనక్కర్లేదు.

ఆడి మాసం గాలి మనకి కొత్త కాదు, కంబం లోయలో గాలిమరలు ఊరికే పెట్టలేదు. కిటికీ తీసి ఉంచితే తెర మొహాన కొడుతుంది. అందుకే కింది సగం తెరకి పైనా కిందా రెండు స్ప్రింగు తీగలు వేయించండి. మూడడుగులు దాటిన కిటికీకి నడుమ ఒక కొక్కెం ఉండాలి, లేకపోతే తీగ కుంగి పైన సందు పడుతుంది. రాత్రి తెర అంచులకి టిచ్ బటన్లు గానీ వెల్‌క్రో గానీ పెట్టిస్తే పక్క సందుల్లోంచి వెలుగు కారదు. కొండ మీద రాత్రి చలికి, లోపల పడుకున్నవాళ్ళ ఊపిరికి అద్దం లోపలి వైపు నీళ్ళు పడతాయి. గుడ్డ అద్దానికి అంటుకుంటే నాలుగు రోజుల్లో నల్లటి బూజు మచ్చలు వస్తాయి. వేలెడు ఎడం ఉండాలి, పొద్దున లేవగానే తెరలన్నీ తీసి అద్దం తుడవాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. “తెరలెందుకు, నల్ల ఫిల్ము అతికిస్తే పోలా” అంటారు కొందరు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం ప్రకారం ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుగుని పోనివ్వాలి. నల్ల ఫిల్ములు కూడదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. కేరళలో 2021 జనవరిలో మోటారు వాహనాల శాఖ ‘ఆపరేషన్ స్క్రీన్’ పేరుతో ఫిల్ములున్న బండ్లతో బాటు తెరలు కట్టిన బండ్లనీ ఆపి జరిమానాలు వేసింది. కుమిళి చెక్‌పోస్టు మనకి ఎంతో దూరం లేదు. బండి కదిలే ముందు తెరలన్నీ పక్కకి తోసి కట్టేయండి, డ్రైవరు వెనక తెర ముందుగా. లేకపోతే వెనక ఏముందో అతనికి తెలియదు. తెర ఆగిన బండికే.

చివరిగా పొయ్యి పక్క కిటికీ. దానికి ఏ గుడ్డా వద్దు. పాలిస్టరైతే కరిగి ఒంటికి అంటుకుంటుంది, నూలైతే భగ్గుమంటుంది. వంట చేసేటప్పుడు ఆ కిటికీ తెరిచి ఉండి గాలి ఆడాలి కూడా. మరుగు కావాలంటే ఆ పక్కని ఏ అరటితోట వైపో, ప్రహరీ గోడ వైపో తిప్పి బండి ఆపండి. ఇది వ్యాన్ కట్టించేటప్పుడే ఆలోచించుకోండి: మన రోడ్ల మీద బండి ఎడమ పక్కకి ఆపుతాం కాబట్టి, పొయ్యి ఎడమ వైపు ఉంటే తోట దానికి ఎదురుగా వస్తుంది, కుడివైపు పెడితే రోడ్డు మీద పోయే ప్రతి బస్సూ మీ సాంబారు గిన్నెలోకి చూస్తుంది. తలుపు కూడా ఎడమ వైపే ఉంటుంది కనుక, తలుపుకి వెనక పొయ్యిని ఎక్కడ ఇరికించాలో బాడీ కట్టే మేస్త్రీతో కూర్చుని కొలతలు వేయించుకోండి.